రెండు పోర్షన్లు, ఒకటే మీటరు
ఎలక్ట్రానిక్స్: సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ ఎనిమిది పిన్నుల ఐసీల గురించే. ఎల్‌ఎం358, 4558, 5532, టీఎల్072... పేర్లు వేరైనా లోపలి ఏర్పాటు ఒకటే. రెండు ఆప్‌యాంప్‌లు ఉంటాయి, రెండింటికీ ఉమ్మడిగా ఎనిమిదో పిన్ను ప్లస్, నాలుగో పిన్ను మైనస్. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు, కరెంటు మీటరు మాత్రం ఒకటే అన్నమాట. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఆ మీటరు దగ్గర మొదలైనవే.

సార్, మా మామయ్యకు సిద్దిపేట దగ్గర కోళ్ల షెడ్డు ఉంది. ఎండాకాలం వేడికి కోళ్లు చచ్చిపోతున్నాయని, షెడ్డులో ఉష్ణోగ్రత చూపించే సర్క్యూట్‌ను మా డిప్లొమా ప్రాజెక్టుగా చేశాం. ఎల్‌ఎం35 సెన్సర్ నుంచి వచ్చేదాన్ని ఎల్‌ఎం358తో 11 రెట్లు పెంచి ఆర్డ్యునోకు ఇచ్చాం. పొద్దున బాగానే చూపిస్తుంది. మధ్యాహ్నం 32 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టినా 32 దాటదు. సెన్సర్ రెండుసార్లు, ఐసీ ఒకసారి మార్చాం. తప్పు ఎక్కడుందో చెప్పండి.
పాలిటెక్నిక్ విద్యార్థి, సిద్దిపేట

మీ సెన్సర్ మంచిదే, ఐసీ కూడా మంచిదే. పారేసినవి ఇంకా చెత్తబుట్టలో ఉంటే తీసి దాచుకోండి.

ఎల్‌ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 32 డిగ్రీలకు 0.32 వోల్టు. దాన్ని 11తో హెచ్చిస్తే 3.52 వోల్టులు. ఇప్పుడు మీ ఎల్‌ఎం358 ఎనిమిదో పిన్ను మీద ఎంత ఉంది? ఆర్డ్యునో నుంచి తీసుకున్న 5 వోల్టులు. ఈ ఐసీ అవుట్‌పుట్ కింద దాదాపు సున్నా దాకా దిగుతుంది గానీ, పైకి మాత్రం తనకిచ్చిన సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువలోనే ఆగిపోతుంది. ఐదులోంచి ఒకటిన్నర పోతే మూడున్నర. మీ 32 డిగ్రీలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. సెన్సర్ 40 డిగ్రీలు చూసి 0.40 వోల్టు పంపినా, 4.4 వోల్టులు ఇవ్వడానికి ఐసీ దగ్గర అంత లేదు. అది అబద్ధం చెప్పడం లేదు, తన చేతికి అందినంతే ఇస్తోంది.

మీటరు పెట్టి మీరే చూడండి. సెన్సర్‌ను అరచేతిలో పట్టుకుని మూడో పిన్ను దగ్గర కొలవండి, 0.33, 0.34 అని పెరుగుతూ పోతుంది. ఒకటో పిన్ను దగ్గర పెట్టండి, మూడున్నర దగ్గర కదలకుండా నిలబడుతుంది. లోపలికి వచ్చేది పెరుగుతూ బయటికి పోయేది నిలిచిపోయిందంటే, కప్పు తగిలినట్టే.

మందు తేలికే. 11 రెట్లను 6 రెట్లకు దించండి. అవుట్‌పుట్ నుంచి రెండో పిన్నుకు 10 కిలో ఓమ్ అలాగే ఉంచి, రెండో పిన్ను నుంచి గ్రౌండుకు ఉన్న 1 కిలో ఓమ్‌కు సిరీస్‌లో ఇంకో 1 కిలో ఓమ్ కలిపితే సరిపోతుంది. 50 డిగ్రీలకు 3 వోల్టులు వస్తుంది, కప్పు తగలదు. ప్రోగ్రామ్‌లో 11 అన్నచోట 6 అని మార్చడం మరిచిపోకండి. ఐసీకి 12 వోల్టులు ఇస్తే సరిపోతుంది కదా అని మీ బృందంలో ఎవరైనా అనవచ్చు. ఆప్‌యాంప్‌కు సరిపోతుంది గానీ, వైరు తెగినప్పుడో సెన్సర్ పాడైనప్పుడో 10 వోల్టులు నేరుగా ఆర్డ్యునో పిన్ను మీదికి వెళ్తాయి. ఆ దారి వద్దు. 5 వోల్టుల మీదే 11 రెట్లూ కావాలంటే ఎంసీపీ6002 తెచ్చుకోండి. అవుట్‌పుట్ దాదాపు సప్లై దాకా వెళ్లే రకం అది, పిన్నులు కూడా ఇవే. అయితే 6 వోల్టులు మించి ఇవ్వకూడదు.

నిజం చెప్పాలంటే, ఉష్ణోగ్రత చూపించడం వరకే అయితే ఆప్‌యాంప్ లేకుండానే పని జరుగుతుంది. ఆర్డ్యునో ఊనోలో లోపలే 1.1 వోల్టు రిఫరెన్స్ ఉంది. దాన్ని వాడుకుంటే సెన్సర్‌ను నేరుగా కలిపినా డిగ్రీలో పదోవంతు వరకు తేడా తెలుస్తుంది. అప్పుడు ఎల్‌ఎం358 ఎందుకు? కోళ్ల ప్రాణాల కోసం.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి సగంతో 6 రెట్లు పెంచుతాను. రెండో సగాన్ని కాపలాకు పెడతాను. ఐదో పిన్నుకు మొదటి సగం అవుట్‌పుట్, ఆరో పిన్నుకు 10 కిలో ఓమ్ ప్రీసెట్‌తో 2.28 వోల్టులు ఇస్తాను. అది 38 డిగ్రీల లెక్క. వేడి 38 దాటగానే ఏడో పిన్ను పైకి లేస్తుంది, ట్రాన్సిస్టర్ ద్వారా సైరన్ మోగుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో నిలిచిపోయినా, డిస్‌ప్లే ఆరిపోయినా ఆ సైరన్ ఆగదు. కానీ కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడే షెడ్డుకు అసలు ప్రమాదం కాబట్టి సెన్సర్‌కు, ఐసీకి, సైరన్‌కు బ్యాటరీ తప్పకుండా ఉండాలి.

ఇంకొక్క మాట. సెన్సర్ షెడ్డు మధ్యలో, బోర్డు దూరంగా గది దగ్గర ఉంటే జాగ్రత్త. ఎల్‌ఎం35 పొడుగు వైరును భరించలేదు, ఊగులాడుతుంది. సెన్సర్ అవుట్‌పుట్ కాలి దగ్గరే 2 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, ఆ తర్వాత వైరు లాగండి.

నమస్తే సార్. నేను ఆంప్లిఫయర్లు అసెంబుల్ చేస్తాను. సౌండు బాగుంటుందని అందరూ అంటే బేస్-ట్రెబుల్ బోర్డులో 4558 తీసి 5532 పెట్టాను. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది, ఒక్కోసారి సన్నగా ఈల వస్తోంది. 5532 మంచిది కాదా?
ఆడియో మెకానిక్, తెనాలి

5532 చాలా మంచి ఐసీ. మంచిది కాబట్టే మీ బోర్డులో ఇమడలేదు.

రెండింటికీ పిన్నులు ఒకటే కావడంతో తీసి పెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది. గుణాలు మాత్రం వేరు. 5532 ఇన్‌పుట్‌లోకి సుమారు 200 నానోఆంపియర్ల కరెంటు పోతుంది. వినడానికి లెక్కలోకి రానంత చిన్నది. ఆ కరెంటు 100 కిలో ఓమ్ వాల్యూమ్ కంట్రోల్ గుండా పోతే దాని మీద 20 మిల్లీవోల్టుల దాకా డీసీ నిలబడుతుంది. నాబ్ తిప్పినప్పుడల్లా కార్బన్ పట్టీ మీద ఆ డీసీ తెగుతూ అతుకుతూ ఉంటుంది. మీకు వినిపించే గరగర అదే. ఐసీ ఇన్‌పుట్‌కు, వాల్యూమ్ మధ్య పిన్నుకు నడుమ 1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టి, ఐసీ వైపు నుంచి 100 కిలో ఓమ్‌ను గ్రౌండుకు వేయండి. సింగిల్ సప్లై బోర్డయితే గ్రౌండుకు కాకుండా సగం వోల్టేజీ పాయింటుకు వేయాలి. గరగర పోతుంది.

ఈలకు కారణం వేగం. 4558 గెయిన్ సుమారు 3 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటికి పడిపోతుంది, 5532కు 10 మెగాహెర్ట్జ్ దాకా సత్తువ ఉంటుంది. సప్లై పట్టాలు పొడుగ్గా, సన్నగా ఉంటే ఆ సత్తువంతా ఊగులాటకు పోతుంది. ఎనిమిదో పిన్నుకు, నాలుగో పిన్నుకు నేరుగా, పట్టాల వెనుక వైపునే ఒక 104 డిస్క్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. కాళ్లు పొట్టిగా కత్తిరించండి. అంగుళం దూరంలో పెట్టినదానికీ, పిన్నుల మీద పెట్టినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

ఇంతా చేశాక సౌండు మారుతుందా? మీ బోర్డులో మారదనే నా అభిప్రాయం. 5532 గొప్పతనం తక్కువ నాయిస్‌లో ఉంది, 600 ఓమ్ లోడును కూడా నిబ్బరంగా నడపడంలో ఉంది. అందుకే స్టూడియో మిక్సర్లలో దశాబ్దాలుగా నిలిచింది. పక్కనే 100 కిలో ఓమ్ కంట్రోళ్లు పెట్టుకుని ఐసీ నాయిస్ తగ్గించినా, ఆ కంట్రోళ్ల సొంత నాయిస్ దాన్ని మింగేస్తుంది. అలాంటి బోర్డుకు టీఎల్072 నప్పుతుంది. దాని ఇన్‌పుట్ జేఫెట్, కరెంటు లాగదనే చెప్పాలి. 4558ని కూడా తక్కువగా చూడకండి. గిటారు వాయించేవాళ్లు ప్రాణంగా చూసుకునే ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పేరు తెచ్చుకున్నది జేఆర్‌సీ 4558తోనే.

మా భజన మండలి మైకుకు ఎల్‌ఎం358తో ప్రీఆంప్లిఫయర్ కట్టాను. 12 వోల్టుల అడాప్టర్. గట్టిగా పాడితే బాగానే ఉంది, మెల్లగా పాడే చోట గొంతు కీచుగా, గీరినట్టు వస్తోంది. మామూలుగా గట్టిగా ఉన్నప్పుడే కదా చెడాలి?
విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

మీ చెవిని మెచ్చుకోవాలి. మెల్లని శబ్దం దగ్గరే ఎక్కువగా తెలిసే లోపం ఎల్‌ఎం358లో నిజంగానే ఉంది.

పెద్ద దుంగను కోసే రంపాన్ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగడం మీరు చూసే ఉంటారు. ఆప్‌యాంప్ అవుట్‌పుట్‌లో అలాంటి ఇద్దరు ట్రాన్సిస్టర్లు ఉంటారు. ఒకడు కరెంటును బయటికి తోస్తాడు, ఇంకొకడు లోపలికి లాగుతాడు. మంచి ఆడియో ఐసీల్లో ఒకడు వదలకముందే ఇంకొకడు పట్టు బిగిస్తాడు. ఎల్‌ఎం358ను తక్కువ కరెంటుతో నడిచేలా చేశారు కాబట్టి చేతులు మారే ఆ క్షణంలో ఇద్దరి పట్టూ సడలుతుంది. పాట పెద్దగా ఉన్నప్పుడు ఆ చిన్న గీత మరుగున పడుతుంది. మెల్లని ఆలాపనలో అదే పైకి తేలుతుంది.

ఒక్క రెసిస్టర్‌తో దీన్ని సరిచేయవచ్చు. అవుట్‌పుట్ పిన్ను నుంచి నాలుగో పిన్నుకు 4.7 కిలో ఓమ్ పెట్టండి. అవుట్‌పుట్ మధ్యలో 6 వోల్టుల దగ్గర నిలిచి ఉంటుంది కాబట్టి, దాని గుండా ఎప్పుడూ ఒక మిల్లీఆంపియర్‌కు పైగా పారుతుంది. ఇక తోసేవాడొక్కడే పని చేస్తాడు, చేతులు మారడమే ఉండదు. మొదటి సగానికీ, రెండో సగానికీ విడివిడిగా పెట్టాలి. ఒక పోర్షన్‌లో పెడితే రెండోది బాగుపడదు. ఐసీ సాకెట్‌లో ఉంటే అది తీసి 4558 పెట్టి కూడా వినండి. ఇన్‌పుట్ సగం వోల్టేజీ దగ్గర ఉన్న మీ సర్క్యూట్‌లో అది హాయిగా పని చేస్తుంది.

ఎల్‌ఎం358 దొరక్క ఎల్‌ఎం393 పెట్టాను. కాళ్లు ఒకటే కదా! వీధిలైటు ఎల్‌డీఆర్ సర్క్యూట్‌లో రిలే పడటమే లేదు. అంతకుముందు 358 ఉన్నప్పుడు చీకటి పడే వేళ రిలే టకటక కొట్టుకునేది.
ఎలక్ట్రీషియన్, అనంతపురం

కాళ్లు ఒకటే, ఆట వేరు. ఎల్‌ఎం393 ఆప్‌యాంప్ కాదు, డ్యూయల్ కంపారేటర్. దాని అవుట్‌పుట్‌లో కిందికి లాగే ట్రాన్సిస్టర్ ఒక్కటే ఉంది, పైకి తోసేది లేదు. అందుకే మీ డ్రైవర్ ట్రాన్సిస్టర్ బేస్‌కు కరెంటు అందడం లేదు. అవుట్‌పుట్ నుంచి 12 వోల్టుల ప్లస్‌కు 4.7 కిలో ఓమ్ పెట్టండి, రిలే పడుతుంది.

టకటకకు మాత్రం ఏ ఐసీ అయినా ఒకటే వైద్యం. చీకటి ఒక్కసారిగా పడదు. ఎల్‌డీఆర్ వోల్టేజీ గీత దగ్గరే కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. అవుట్‌పుట్ నుంచి అదే సగం ప్లస్ ఇన్‌పుట్‌కు 1 మెగా ఓమ్, ఆ ఇన్‌పుట్‌కు వచ్చే సిగ్నల్‌కు సిరీస్‌లో 10 కిలో ఓమ్ పెట్టండి. వెలిగే గీతకూ ఆరే గీతకూ మధ్య వోల్టులో పదోవంతు ఎడం వస్తుంది. రిలే ఒకసారి పడితే నిలబడుతుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ట్రాన్సిస్టర్ త్వరగా పోతుంది.

ఐసీలో ఒక సగమే వాడితే రెండోదాన్ని అలా వదిలేయవచ్చా?
బీటెక్ విద్యార్థిని, విశాఖపట్నం

వదలకూడదు. గాలిలో వేలాడే ఇన్‌పుట్ పక్కనున్న ప్రతి సిగ్నల్‌నూ అందుకుంటుంది. అవుట్‌పుట్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. మీటరు ఒకటే కాబట్టి పక్క పోర్షన్‌కూ ఆ కుదుపు తగులుతుంది. ఏడో పిన్నును ఆరో పిన్నుకు కలిపి, ఐదో పిన్నును సప్లైలో సగం వోల్టేజీకి కట్టండి. ఏడో పిన్నును మాత్రం గ్రౌండుకు కలపకండి.

అంతకంటే మంచి పని కూడా ఉంది. 9 వోల్టుల బ్యాటరీని రెండు 10 కిలో ఓమ్‌లతో సగం చేసి, ఆ 4.5 వోల్టులను ఈ ఖాళీ సగం ఐదో పిన్నుకు ఇస్తే, ఏడో పిన్ను దగ్గర గట్టి మధ్య బిందువు దొరుకుతుంది. మొదటి సగానికి అదే గ్రౌండుగా పనికొస్తుంది.

కోఠిలో కొన్న 5532లు నిజమైనవో, వేరే ఐసీ మీద పేరు మార్చి రాసినవో ఎలా తెలుసుకోవాలి? నా దగ్గర ఆసిలోస్కోప్ లేదు.
హాబీయిస్టు, హైదరాబాద్

మల్టీమీటర్, రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు. కోఠి గుజరాతీ గల్లీలో మంచి సరుకూ ఉంటుంది, తిరగరాసిన సరుకూ ఉంటుంది. పైన అక్షరాలు చూసి తేల్చడం కష్టం. లోపలి స్వభావాన్నే అడగాలి.

బ్యాటరీలను సిరీస్‌లో కలిపి మధ్య బిందువును గ్రౌండు అనుకోండి. ప్లస్ చివర ఎనిమిదో పిన్నుకు, మైనస్ చివర నాలుగో పిన్నుకు. ఒకటో పిన్నునూ రెండో పిన్నునూ కలపండి. మూడో పిన్ను నుంచి గ్రౌండుకు 1 మెగా ఓమ్. రెండో సగాన్ని పైన చెప్పినట్టే కట్టేయండి, ఐదో పిన్ను గ్రౌండుకు. ఇప్పుడు మీటరు నల్ల వైరు గ్రౌండు మీద, ఎర్ర వైరు ఒకటో పిన్ను మీద పెట్టి మిల్లీవోల్టుల్లో చదవండి.

నిజమైన 5532 అయితే మైనస్ గుర్తుతో సుమారు 200 చూపిస్తుంది. కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు, మైనస్ మాత్రం ఉండాలి. దాని ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎన్‌పీఎన్ రకం, కరెంటును లోపలికి లాగుతాయి. 4558, ఎల్‌ఎం358లకు పీఎన్‌పీ, కరెంటు బయటికి వస్తుంది, కాబట్టి ప్లస్ గుర్తుతో పదుల్లోనో, 4558 అయితే ఒక్కోసారి వందల్లోనో చూపిస్తాయి. టీఎల్072 అయితే కొన్ని మిల్లీవోల్టులు దాటదు. 5532 అని రాసి ఉన్న ఐసీ ప్లస్ చూపించిందంటే అది 5532 కాదు.

రెండో సాక్ష్యంగా ఎనిమిదో పిన్నుకు పోయే కరెంటు చూడండి. 5532 సుమారు 8 మిల్లీఆంపియర్లు, 4558, టీఎల్072లు దాదాపు 3, ఎల్‌ఎం358 ఒకటి లోపు తీసుకుంటాయి. రెండు కొలతలూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు.

సాకెట్‌లో పెట్టేటప్పుడు గాడి ఎటుందో చూసి పెట్టండి. ఈ ఐసీని తిరగేస్తే నాలుగో పిన్ను స్థానంలోకి ఎనిమిదోది వస్తుంది, అంటే సప్లై సరిగ్గా తలకిందులవుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో అలా పెట్టిన ఐసీని వేలితో తాకి చూసినప్పుడు బొబ్బ వచ్చింది. అప్పటి నుంచి కరెంటు ఇచ్చే ముందు ఒకటో పిన్ను చుక్కను కళ్లతో చూసి, వేలితో చూపించి మరీ స్విచ్ వేస్తున్నాను.

మాస్టారూ, పిల్లలు "ఆపరేషనల్" అని ఎందుకన్నారని అడిగారు. ఏం చెప్పాలి?
భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, ఖమ్మం

లెక్కలు చేయడానికి పుట్టింది కాబట్టి అని చెప్పండి. కూడిక, తీసివేత, ఇంటిగ్రేషన్ లాంటి గణిత క్రియలే ఆ ఆపరేషన్లు. అంకెలతో కాక వోల్టేజీలతో లెక్క కట్టే ఎనలాగ్ కంప్యూటర్లలో దీన్ని వాడేవారు. 1947లో జాన్ రగజ్జినీ బృందం ప్రచురించిన పత్రంలో ఈ పేరు కనిపిస్తుంది. 1950ల మొదట్లో ఫిల్‌బ్రిక్ సంస్థ అమ్మిన కే2-డబ్ల్యూలో రెండు వాక్యూమ్ ట్యూబులు ఉండేవి, దానికి ప్లస్ 300, మైనస్ 300 వోల్టుల సప్లై కావలసి వచ్చేది. 1965లో బాబ్ విడ్లర్ 709ను, 1968లో డేవ్ ఫులగర్ 741ను ఫెయిర్‌చైల్డ్‌లో రూపొందించారు. 741 లాంటివి రెండింటిని ఒకే చిప్‌లో పెడితే 1458 అయింది.

తరగతిలో చూపించడానికి ఒక ఎల్‌ఎం358, నాలుగు 10 కిలో ఓమ్‌లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఒకటిన్నర వోల్టుల సెల్లులు చాలు. సెల్లుల మైనస్‌లను బ్యాటరీ మైనస్‌కు, నాలుగో పిన్నుకు కలపండి. ఒక్కో సెల్ ప్లస్‌ను ఒక్కో 10 కిలో ఓమ్ ద్వారా మూడో పిన్నుకు ఇవ్వండి, అక్కడ రెండింటి సగటు వస్తుంది. ఒకటో పిన్ను నుంచి రెండో పిన్నుకు 10 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండుకు ఇంకో 10 కిలో ఓమ్ పెడితే ఆ సగటు రెట్టింపై మొత్తం అవుతుంది. మీటరు 3 వోల్టులు చూపించినప్పుడు, ఇది ఇప్పుడు ఒకటిన్నరకు ఒకటిన్నర కూడింది అని చెప్పండి.

పాఠకులకు ఒక విన్నపం. ఐసీ పని చేయడం లేదని రాసేటప్పుడు, నల్ల వైరు గ్రౌండు మీద పెట్టి ఎనిమిది పిన్నుల దగ్గరా వోల్టేజీలు కొలిచి, వరుసగా రాసి పంపండి. నాలుగు, ఎనిమిది పిన్నులను మొదట కొలవండి.